రెండు శీతాకాలాల మేఘాలు

జనవరి 11

రియా ఈ డైరీ కొనిచ్చి చాలా రోజులైంది. రాస్తే మనసు తేలికవుతుందని దాని ఆఫీసులో ఎవరో చెప్పారట. "ఫీలింగ్స్ రాయి అమ్మా, సైన్స్ రాయకు" అని షరతు పెట్టి మోరిస్‌విల్ వెళ్ళిపోయింది. తెలుగులో రాస్తున్నాను. నా కూతురికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగిన రెండో మనిషి పోయిన ఆగస్టులో పోయారు. కనుక ఏం రాసినా భయం లేదు.

ఫీలింగ్స్: పప్పు మాడింది. ఇద్దరికి సరిపడా పెట్టాను మళ్ళీ.

జనవరి 13

భాస్కర్ ఫోన్ చేశాడు. మా ప్రాజెక్టుకి పెద్ద. నాకంటే చిన్నవాడే, అయినా ఫోన్‌లో గొంతు సవరించుకుని మొదలుపెడతాడు.

"ప్రమోద గారూ, ఒక మంచి మాట. పదేళ్ళ రాడార్ డేటా అంతా ఒక కలెక్షన్‌గా రిలీజ్ చేస్తున్నాం కదా. దానికి హరనాథ్ గారి పేరు పెడదామని కమిటీ ఒప్పుకుంది. మార్చి ఆఖర్లో మీటింగ్. మీరే స్టేజ్ మీద అనౌన్స్ చేయాలి."

థాంక్స్ చెప్పాను. చెప్పి, వంటింట్లోకి వెళ్ళి సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. అందరికీ రాళ్ళ మీద పేర్లు చెక్కిస్తారు, ఆయనకి మేఘాల మీద. వింటే చాలాసేపు నవ్వేవారు.

ఈ పేరు ఆయనకి దక్కాలి. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

జనవరి 18

పక్కింటి లక్ష్మి గుత్తివంకాయ కూర తెచ్చింది. పేరు పెడుతున్నారని చెబితే సంతోషించింది గాని, దేనికి పెడుతున్నారో అర్థం కాలేదు. పదహారేళ్ళుగా పక్కనే ఉంటోంది, మేం చేసే పని ఏమిటో ఇవాళే అడిగింది.

"అది కాదు ప్రమోదా, అలాస్కా కొస దాకా పోయి మబ్బుల్ని చూడ్డమేంటి? మన ఆష్‌బర్న్ మీద లేవా మబ్బులు?"

ఉన్నాయి గాని అవి వేరని చెప్పాను. అక్కడివి కిందుగా, పల్చగా పరుచుకుని రోజుల తరబడి కదలవు. అంత చలిలోనూ వాటిలో నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. అవి మందంగా ఉంటే కింద నేల కాస్త వెచ్చగా ఉంటుంది, పల్చబడితే ఉన్న వేడి పైకి పోతుంది. చలికాలమంతా అక్కడ చీకటి, కళ్ళతో చూసే వీల్లేదు. అందుకని నేల మీద రాడార్ పెట్టి పైకి తరంగాలు పంపి, మేఘాన్ని తగిలి తిరిగొచ్చేదాన్ని వింటాం.

"అంటే దుప్పటి ఎంత మందమో చీకట్లో తడిమి చెప్తారన్న మాట" అంది లక్ష్మి. ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

రాడార్‌ని చూసుకునేది ఆయన. అది విన్నది చదివి అర్థం చెప్పేది నేను. పెళ్ళయిన కొత్తలో చేసుకున్న పంపకం ఇది, మధ్యలో మార్చుకోలేదు. గత రెండు శీతాకాలాల్లో అక్కడి మేఘాలు పల్చబడ్డాయని నేను రాసిన పేపర్‌కి మంచి పేరే వచ్చింది. పోయిన జూన్‌లో, ఆయన మంచం మీద ఉండగా అచ్చయింది. పంపేముందు ఆయనకి చదివి వినిపించాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నారు. "ఇంకో ఏడాది ఆగితే బాగుంటుందేమో ప్రమోదా" అన్నారు. నీరసం కొద్దీ అన్న మాట అనుకున్నాను.

జనవరి 22

ఆయన బట్టలు ఇచ్చేద్దామని అలమర తీశాను. అలాస్కాలో రాడార్ ఉన్న బారో ఊరికి వేసుకెళ్ళే పెద్ద కోటు జేబులో రెండు తోరాలు దొరికాయి. నేను కట్టినవే, తొమ్మిది పోగులు, తొమ్మిది ముడులు. పసుపు ఇంకా వేలికి అంటుతోంది.

వరలక్ష్మీ వ్రతానికి ప్రతి ఏడూ ఒక తోరం ఎక్కువ కట్టి పూజలో పెడతాను. సెప్టెంబర్‌లో ఆయన అది పట్టుకెళ్ళి టవర్ మీద కడ్డీకి కట్టి వస్తారు. కొత్త కారుకి బొట్టు పెట్టి నిమ్మకాయలు తొక్కించే జాతి మనది, అంత ఖరీదైన రాడార్‌ని ఊరికే వదులుతామా. "కంపెనీ వారంటీ అయిపోయింది, ఇదే వారంటీ" అనేవారు.

ఎక్స్‌ట్రావి మిగిలినట్టున్నాయి. కోటు ఇవ్వలేదు. మళ్ళీ తగిలించేశాను.

జనవరి 24

ఆ కోటు చూశాక ఆ ఫోన్లు గుర్తొస్తున్నాయి.

రాడార్ ఎదుట టవర్ మీద గది మూలలాంటిది ఒకటి ఉంటుంది, మూడు లోహపు పలకలు కలిపి చేసింది. రాడార్‌ని దానివైపు తిప్పితే ఎంత తిరిగి రావాలో మాకు ముందే తెలుసు. బంగారం కొట్టులో తూకంరాయిలాంటిది. రాడార్ లోపలి ట్యూబు ఏటేటా కాస్త నీరసిస్తుంది. ఎంత నీరసించిందో ఆ మూల చెబుతుంది, అంత మేరకు మేం లెక్కలో కలుపుకుంటాం. ఆ కొలత లేని శీతాకాలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎవరైనా పైకెక్కి, పలకల మీద మంచు గీకి, సరిచేసి రావాలి. అది ఆయన పని, ఇంకొకరిని ఎక్కనిచ్చేవారు కాదు.

దిగాక టవర్ కింద నుంచే నాకు ఫోన్ చేసి అంకె చెప్పేవారు. నేను ఇక్కడ ఎక్కించుకునేదాన్ని. గాలి హోరులో ఒక పట్టాన వినిపించేది కాదు. ఆరా, ఆరున్నరా అని అరిచి అడిగేదాన్ని, ఆయన అక్కడ అరిచేవారు. చివరి రెండుసార్లు మాత్రం గాలి లేదు. మాట పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపించింది. "ఇవాళ మీ ఊళ్ళో గాలి సెలవు పెట్టిందా" అన్నాను. నవ్వారు. ఆ నవ్వు నాకు పూర్తిగా గుర్తుంది. అదొక్కటి మిగిలింది నాకు.

జనవరి 30

నిశాంత్ అనే కుర్ర సైంటిస్టు మెయిల్ పంపాడు. రాడార్ పక్కనే లేజర్ పరికరం ఒకటి ఉంది, వాడు దాని మీద పనిచేస్తాడు. చివరి రెండు శీతాకాలాల్లో రాడార్‌కి మేఘాలు పల్చబడ్డాయిగాని లేజర్‌కి పల్చబడలేదట. "కలెక్షన్ రిలీజ్‌కి ముందు ఒకసారి మాట్లాడవచ్చా?"

మాట్లాడవచ్చు. ఏం మాట్లాడాలో.

ఫిబ్రవరి 3

మాట్లాడాను. "ఆంటీ, సారీ, డాక్టర్ ప్రమోదా" అని మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ నాకు తెలుసు, షామ్‌బర్గ్‌లో పిల్లల డాక్టరు.

"ఐ మే బీ రాంగ్. జస్ట్, లాస్ట్ రెండు సెప్టెంబర్లలో కాలిబ్రేషన్ నంబర్ ముందు ఇయర్‌తో సేమ్ ఉంది. ఎగ్జాక్ట్‌గా సేమ్. అంకుల్ మళ్ళీ చెక్ చేశాడా అని అడుగుదామనుకున్నాను."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఆయన రాడార్లు కొలుస్తున్నారు" అన్నాను. "నీ లేజర్‌ని చూసుకో ముందు."

పాపం వెంటనే సారీ చెప్పాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నాకెందుకు అంత కోపం?

ఫిబ్రవరి 4

లేజర్ అద్దం మీద మంచు పేరుకుని ఉంటుంది. అంతే.

ఫిబ్రవరి 5

మంచు పేరుకుంటే లేజర్‌కి తక్కువ కనిపించాలి, ఎక్కువ కాదు. ఆ సంగతి తెలియక రాయలేదు నిన్న.

ఫిబ్రవరి 9

అదే అంకె మరో రెండేళ్ళు రావటంలో వింతేముంది. ట్యూబు స్థిరంగా ఉందన్న మాట. అప్పుడు ఆ అంకె విని మేం సంతోషించాం కూడా.

ఫిబ్రవరి 17

అంతకుముందు ఒక్క ఏడైనా ఒకే అంకె రాలేదు. ప్రతి ఏడూ కాస్తో కూస్తో దిగింది. ఆ అంకెలు ఎన్నిసార్లు చూసుకున్నానో. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని నన్ను ఆయన ఊరికే అనేవారు కాదు.

పోయిన సెప్టెంబర్‌లో ఎవరూ వెళ్ళలేదు, ఆయన పోయిన దుఃఖంలో ఉన్నాం. ఈ మార్చిలో ఎవరో ఒకరు వెళ్ళి కొలవాలి. నేను వెళ్తానని భాస్కర్‌కి చెప్పాను.

"మీరెందుకండీ, అంత చలిలో. ఎవరినైనా పంపుదాం."

"ఆయన పేరు పెట్టే ముందు ఒకసారి చూసుకోవాలి కదా" అన్నాను. నోట్లోంచి అలా వచ్చింది. ఆయన నిజంగానే కొలిచి ఉంటే పేరు నిలబడుతుంది, నిశాంత్ నోరు మూతపడుతుంది. కొలిచే ఉంటారు.

ఫిబ్రవరి 20

రియాకి చెబితే గంటసేపు వాదించింది. చివరికి, "నువ్వు టవర్ ఎక్కకు, ప్లీజ్. ప్రామిస్ చెయ్" అంది. నేనింకా టవర్ మాటే ఎత్తలేదు.

మార్చి 9

ఆంకరేజ్ మీదుగా వచ్చాను. ఊరి పేరు ఇప్పుడు ఉట్కియాగ్విక్, ఆయనకి మాత్రం చివరిదాకా బారోనే. సముద్రం ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియలేదు, అంతా తెల్లగా ఉంది. పగలు మాత్రం బాగా ఎక్కువైంది.

ఎయిర్‌పోర్టుకి ఎల్సీ వచ్చింది. ఈ ఊరి మనిషే, రాడార్ షెడ్డు ఏడాది పొడుగునా చూసుకుంటుంది. పదేళ్ళుగా ఆవిడ పేరు వింటున్నాను, చూడటం ఇదే మొదలు. నన్ను గట్టిగా కావలించుకుంది. "మీ అన్నం పొడి తెచ్చారా?" అని అడిగింది. ఆయన కరివేపాకు పొడి అలవాటు చేశారట. తేలేదని చెప్పటానికి సిగ్గేసింది.

మార్చి 10

గాలి ఎక్కువగా ఉంది, పని జరగలేదు. ఎల్సీ ఒక మాట చెప్పింది. రేపు రాస్తాను.

మార్చి 11

నిన్న షెడ్డులో టీ తాగుతున్నాం. గాలి తగ్గాక టవర్ ఎక్కుతానని అన్నాను. ఎల్సీ నన్ను కింది నుంచి పైకి చూసి, "మీకు ఊపిరి బాగానే ఉందా? లేకపోతే వద్దు. ఆయన కూడా చివరి రెండుసార్లు ఎక్కలేదు" అంది.

మామూలుగానే అంది. నాకు తెలుసుననే అనుకుంది.

ఆవిడే చెప్పుకుపోయింది. మొదటిసారి సగం ఎక్కి దిగిపోయారట. మోకాలు పట్టిందన్నారట. ఆవిడ ఎక్కుతానంటే, "అక్కర్లేదు, పోయినేడు చూశాం, బాగానే ఉంది" అన్నారట. ట్రక్కులో కూర్చుని హీటర్ వేసుకుని చాలాసేపు ఆయాసపడ్డారట. రెండోసారి ట్రక్కు దిగనే లేదు.

"ట్రక్కులో నుంచే మీకు ఫోన్ చేశారు" అంది. "మీరేదో జోక్ చేశారు, ఆయన నవ్వారు. నాకు భాష తెలియదు కదా, మీకు అప్పటికే చెప్పేశారనుకున్నాను."

ట్రక్కు అద్దాలు మూసి ఉంటే గాలి ఎక్కడ వినపడుతుంది?

ఎల్సీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు తిరగలేదు. కప్పు కడిగి పెట్టాను.

మార్చి 12

గాలి తగ్గింది. ఎక్కాను. నడుముకి బెల్టు కట్టి, తాడు కింద ఎల్సీ పట్టుకుంది. మూడంతస్తుల ఎత్తు ఉంటుందేమో. ఇది ఎక్కలేకపోయారంటే ఎంత అవస్థ పడ్డారో ప్రతి మెట్టులోనూ తెలిసింది. దమ్మున్న నాకే పైకెళ్ళేసరికి ఛాతీ మండింది.

పలకల మూలలో మంచు రాయిలా గడ్డకట్టి ఉంది. పలకల బోల్టులు ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోనట్టు తుప్పు పట్టి ఉన్నాయి. కడ్డీకి తోరాలున్నాయి, పసుపు ఎప్పుడో పోయి తెల్లటి పీచులా వేలాడుతున్నాయి. చేతి గ్లవ్వు తీసి ఒక్కొక్కటే పట్టుకు చూశాను. ముడులు నావి, పై ముడి ఆయనది, ఎప్పుడూ రెండు మెలికలు వేస్తారు. ఉండాల్సినవాటికి రెండు తక్కువ. గాలికి పోయి ఉంటాయని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ రెండూ ఆష్‌బర్న్‌లో అలమరలో ఉన్న సంగతి నాకు తెలిసి కూడా అనుకున్నాను.

మంచు గీకి, పలకలు సరిచేసి దిగాను. ఎల్సీ షెడ్డులోంచి రాడార్‌ని ఇటు తిప్పింది. అంకె వచ్చింది. ఆయన చెప్పినదానికంటే నాలుగు డెసిబెల్స్ తక్కువ. ట్యూబు ఆ మేరకు నీరసించింది, మేం కలుపుకోలేదు. నా పేపర్‌లో మేఘాలు పల్చబడ్డాయని రాసిన తేడా కూడా ఆ నీరసంలో ఇమిడిపోతుంది.

నాకు ఫోన్ చేసి అంకె చెప్పటానికి కింద ఎవరూ లేరు. నేనే రాసుకున్నాను.

మార్చి 15

ఇంటికి వచ్చాను.

నాకెందుకు చెప్పలేదు?

ఒక్క ముక్క. ఎక్కలేకపోయానని ఒక్క ముక్క. ఎల్సీ ఎక్కేది, నేను ఎక్కేదాన్ని, ఎవరో ఒకరం ఎక్కేవాళ్ళం. నా మీద నమ్మకం లేకనా? వద్దంటాననా? అంటాను. తప్పకుండా అనేదాన్ని. చెవి పట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. ఆ జబ్బుకి మందు లేదు గాని, ముందే తెలిస్తే ఇంకొన్నాళ్ళు గడిచేవట. ఊపిరితిత్తులు గట్టిపడటం ఎప్పుడు మొదలైందని ప్రతి డాక్టర్నీ అడిగాను. చెప్పలేం అన్నారు అందరూ. పోయేదాకా అదే అడిగాను.

నాకెందుకు చెప్పలేదు?

మార్చి 16

మొదటి సెప్టెంబర్ తర్వాతి నెలలోనే రియా మోరిస్‌విల్‌లో ఇల్లు మారింది. మూడో అంతస్తు. పెట్టెలు తానే మోస్తానని ఆయన పట్టుపట్టారు. ప్రతి మలుపులోనూ ఆగి ఫోన్ తీసి పార్కింగ్ లాట్‌ని ఫోటో తీశారు. "పార్కింగ్ లాట్‌ని ఫోటో తీసే మనిషిని మిమ్మల్నే చూశాను" అని వెక్కిరించాను. "లైటింగ్ బాగుంది" అన్నారు.

ఇవాళ ఆ ఫోటోలు తీసి చూశాను. ఒక్కదానిలోనూ లైటింగ్ లేదు.

మార్చి 18

భాస్కర్‌కి అంతా చెప్పాను. గొంతు సవరించుకున్నాడు.

"ప్రమోద గారూ, మీటింగ్ వచ్చే వారమే. ఒక పని చేద్దాం. ఆ రెండు శీతాకాలాలూ కలెక్షన్‌లోంచి తీసేద్దాం. కారణం దగ్గర ట్యూబ్ ఏజింగ్ అని రాద్దాం. అబద్ధం కాదు కదా. ట్యూబ్ ఏజ్ అయింది. ఎనిమిదేళ్ళ డేటాకి ఆయన పేరు ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు."

మంచివాడు. నేను ఒప్పుకుంటే ఇవాళ్టితో అయిపోయేది. ఒప్పుకున్నాను కూడా, రేపు పేపర్లు పంపుతానన్నాను.

మార్చి 19

పంపలేదు.

ఆ రెండు శీతాకాలాల్నీ బతికించవచ్చు. ఆఖరి నిజమైన కొలతకీ, మొన్న నేను కొలిచినదానికీ మధ్య ట్యూబు మెల్లమెల్లగా నీరసించిందని లెక్క కడితే, ఏ నెలకి ఎంత కలపాలో తెలుస్తుంది. మేఘాలు ఎంత మందంగా ఉన్నాయో అంత మందంగా తిరిగొస్తాయి. కాని అలా లెక్క కట్టాలంటే మధ్యలో ఉన్న రెండు కొలతలూ అసలు జరగలేదని చెప్పాలి. అవి ఉన్నంతకాలం లెక్క ఒప్పుకోదు.

చెప్పకపోతే ఆయన పేరు మిగులుతుంది, ఆయన చివరి రెండేళ్ళ పని చెత్తబుట్టలో పడుతుంది. చెబితే పని మిగులుతుంది. ఆయన ఎక్కకుండానే అంకె చెప్పారని ప్రపంచానికంతా తెలుస్తుంది. ఎంత ఊపిరాడకపోయినా విమానాలు మారి అక్కడికి వెళ్ళింది ఆ శీతాకాలాలు పోకూడదనే కదా. కొలత లేదంటే అవి పోతాయని అబద్ధం చెప్పారు. ఇప్పుడు ఆ అబద్ధం వల్లనే పోతున్నాయి.

మార్చి 20

రియా వచ్చింది, వారాంతం ఉంటానని. చెప్పాను.

"నో. అమ్మా, నో. వాళ్ళు నాన్నకి ఆనర్ చేస్తున్నారు. నువ్వు స్టేజ్ మీద నిలబడి నాన్న లై చెప్పాడు అంటావా?"

"అలా అనను."

"ఎలా అన్నా అదే మీనింగ్. ఏవో క్లౌడ్స్ కోసం నాన్నని ఎందుకు హర్ట్ చేస్తావు? హీ ఈజ్ గాన్. క్లౌడ్స్‌కి ఏం తేడా?"

మేఘాలకి తేడా లేదు, వాటిని నమ్ముకుని లెక్కలు వేసేవాళ్ళకి తేడా అన్నాను. తలుపు వేసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. అన్నానికి పిలిస్తే రాలేదు.

మార్చి 21

పొద్దున నేను ఇడ్లీ పెడుతుంటే వెనక వచ్చి నిలబడింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"నాకు తెలుసు అమ్మా. మూవ్ చేసిన డే, స్టెప్స్ మీద. నాన్న కూర్చున్నాడు, లిప్స్ బ్లూ ఉన్నాయి. నువ్వు కింద కార్ దగ్గర ఉన్నావు. అమ్మకి చెప్పకు అన్నాడు. చెప్తే నెక్స్ట్ ఇయర్ బారోకి పంపదు అన్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్తాను అని ప్రామిస్ చేశాడు. నేను నమ్మాను."

ఇన్నాళ్ళూ ఇది మోస్తూ తిరిగింది పిల్ల. నాకు డైరీ కొనిచ్చి ఫీలింగ్స్ రాయమంది. చేతికి పిండి ఉండగానే దగ్గరికి తీసుకున్నాను. చిన్నప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఆయన్ని తిట్టుకున్నాం. ఆయన పోయాక ఆయన్ని తిట్టటం ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో.

పాత్రలో నీళ్ళు ఇగిరి ఇడ్లీలు మాడువాసన వచ్చాయి. అవే తిన్నాం.

"నాన్నకి ఊపిరి రాలేదు అని చెప్పు" అంది తింటూ. "లై అని చెప్పకు. బ్రీత్ లేదు అని చెప్పు. అది ట్రూత్."

మార్చి 26

మీటింగ్ అయింది. రియా ముందు వరసలో కూర్చుంది. భాస్కర్ నా పేరు పిలిచి పక్కకి జరిగాడు. రాసుకున్న కాగితం చూడకుండా చెప్పాను.

చివరి రెండు సెప్టెంబర్లలో కొలతలు జరగలేదని చెప్పాను. హరనాథ్‌కి అప్పటికే ఊపిరి అందటం లేదు, టవర్ ఎక్కలేకపోయారు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పాత అంకెనే చెప్పారు, నేను నమ్మి ఎక్కించాను. మేఘాలు పల్చబడ్డాయన్న నా పేపర్‌ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ రెండు శీతాకాలాల్నీ సరిచేయవచ్చు, ఎలాగో రాసి ఇచ్చాను. ఇంతే చెప్పాను. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఎవరూ కొట్టలేదు.

పేరు సంగతి కమిటీ మళ్ళీ ఆలోచిస్తుందట. అంటే పెట్టరు. భాస్కర్ మొహం చూస్తేనే తెలిసింది. నిశాంత్ దగ్గరికొచ్చి, "సారీ ఆంటీ" అన్నాడు, డాక్టర్ అని దిద్దుకోలేదు ఈసారి. నువ్వు అడిగింది సరైన ప్రశ్న అని చెప్పి భుజం తట్టాను. ఆ మాట ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది.

ఇంటికి వచ్చి చీర మార్చుకోకుండానే పడుకున్నాను. ఆయన పేరు నా చేతులతో తీసేశాను.

మార్చి 30

సరిచేసిన లెక్క ఇవాళ నడిపించాను. దిద్దుబాటు ఎప్పటి నుంచి మొదలవాలో తేదీ అడిగింది కంప్యూటర్. ఆయన చివరిసారి పైదాకా ఎక్కిన రోజు తేదీ ఇచ్చాను. డాక్టర్లు చెప్పలేమన్న తేదీకి ఇంతకంటే దగ్గరగా నేనెప్పటికీ వెళ్ళలేను.

మధ్యాహ్నానికి బొమ్మలు వచ్చాయి. రెండు శీతాకాలాలూ వరసగా చూశాను. నవంబర్, డిసెంబర్, జనవరి, చీకట్లో ఊరి మీద కిందుగా పరుచుకున్న మేఘాలు. అంతకుముందు ఎనిమిదేళ్ళూ ఎంత మందమో అంతే. లోపల నీళ్ళు, కింద రాలుతున్న సన్నటి మంచు, అన్నీ ఉన్నాయి. పక్కన లేజర్ బొమ్మ పెడితే రెండూ కలిశాయి.

రియా ఫోన్ చేసింది. దానికి సైన్స్ గిట్టదు, ఎప్పుడూ అడగదు. ఇవాళ అడిగింది.

"సో, క్లౌడ్స్ ఓకేనా అమ్మా?"

"మేఘాలకేం కాలేదమ్మా" అన్నాను. "మీ నాన్నకే బాగాలేదు."